సొరంగపాలెంలో ఎవరూ లేరు

మృగశిరకు 31 రోజులు

సభ పుస్తకం వేరే ఉంది. రాజుగారు ఏమన్నారో, పెద్దలు ఏమన్నారో, ఎవరు సాక్షి చెప్పారో అందులో రాస్తాను. ఇది నా సొంతది. పాత కాలపు మందుల షాపు డైరీ, సగం పేజీలు చెదలు తినేశాయి. నేను కళ్లతో చూసినవి ఇందులో రాసుకుంటాను. ఈమధ్య సభ పుస్తకంలో రాయొద్దనే సంగతులు ఎక్కువైపోయి, ఇది మొదలుపెట్టాల్సి వచ్చింది.

పొద్దున్నే సాక్షి పలక పట్టుకుని సభ జరిగే కట్ట మీది గాలిమేడ డాబా ఎక్కాను. గంటసేపు ఎండ తగలకపోతే అది వెలగదు. పొడిగుడ్డతో తుడిచి, తూర్పువైపు వాల్చి పెట్టాను. తర్వాత కిందికొచ్చి సభ పెద్దలు ఏడుగురికీ తంగేడు పూల కషాయం కాచాను. ఒకరికి ఉప్పు వెయ్యాలి, ఒకరికి బెల్లం, ఇంకొకరికి రెండూ వెయ్యకూడదు. వాళ్లలో దావీదు మాస్టారికి గ్లాసు సెగ కక్కుతుండాలి గానీ కషాయం చల్లారి ఉండాలి. ఇరవై రెండేళ్లుగా లేఖరిగా చేస్తున్నాను, ఈ విద్య మాత్రం నాకు పట్టుబడలేదు.

డాబా మీంచి పడమటి లోయ మొత్తం కనిపిస్తుంది. సొరంగపాలెంలో ఇవాళ పంతొమ్మిది పొగలు. పాత కరెంటు సొరంగం మూతి పక్కన లేచేది మా అక్క అంకమ్మ ఇంటి పొగ. పుష్యమాసంలో అక్కడ జ్వరాలు మొదలైనప్పుడు ఇనుప మెట్ల దారి మూసేశారు. అప్పటి నుంచి దిగినవాళ్లు లేరు, ఎక్కినవాళ్లు లేరు. కొన్నాళ్లు తాడుబుట్టలో ఉత్తరాలు పంపుకున్నాం. కాగితానికీ జ్వరం అంటుతుందని అదీ ఆపించారు. ఇక మిగిలింది పొగ లెక్కపెట్టుకోవడమే.

సాయంత్రం కట్టను కాసే లస్కర్లు వచ్చి కట్ట గోడలో ఊట పెద్దదయిందని చెప్పారు. నిరుడు చెంబుడు ఊరేది, ఇప్పుడు కాలవలా పారుతోందట. మృగశిరకు వానలు పడి రిజర్వాయరు నిండితే గోడ నిలవదు. గోడ పోతే కట్ట మీద, కొండ మీద ఉన్న నాలుగు వేల మందిమీ పోతాం. నీళ్లు తగ్గించే దారి ఒక్కటే ఉంది. లోయ తూములు ఎత్తాలి. లోయకు అవతలి చివర కొండచరియ పడి పూడుకుపోయింది, కాబట్టి వదిలిన నీళ్లు ఎటూ పోవు. సొరంగపాలెం ఎనిమిది నిలువుల లోతున మునుగుతుంది.



మృగశిరకు 29 రోజులు

ఇవాళ సభ. ఈ పుస్తకం ఎవరి చేతిలో పడినా అర్థం కావాలి కనుక మా సభ సంగతి కాస్త చెప్పాలి.

సముద్రం పైకొచ్చి, డెల్టా జనం ఈ కొండెక్కిన మొదటి ఏళ్లలో అందరినీ ఒక్కతాటి మీదికి తెచ్చింది కమలినీ మేడమ్. ఆమె ఏదో కాలేజీలో చరిత్ర చెప్పేదట. వెయ్యిన్నర ఏళ్ల కిందట ఇంగ్లండులో రాజులు ఒంటరిగా ఏదీ తేల్చేవాళ్లు కాదనీ, విటాన్ అనే పెద్దలను కూర్చోబెట్టి అడిగేవాళ్లనీ ఆమె చెప్పింది. ఆ మాటకు తెలిసినవాళ్లు అని అర్థమట. రాజు పోతే ఆ ఇంటివాళ్లలో తగినవాడిని వాళ్లే ఎంచేవాళ్లు, పనికిరాని రాజును దించిన సందర్భాలూ ఉన్నాయి. రాజు భూమి ఇచ్చినా పత్రం కింద వాళ్ల పేర్లు, పేరు పక్కన శిలువ గుర్తు ఉండేవి. వాళ్లకు సొంత భవనం లేదు, రాజు ఎక్కడ దిగితే అక్కడే సభ. మేడమ్ ఇదంతా మాకూ పెట్టింది. మావాళ్లు విటాన్ అనలేక తెలిసినోళ్లు అన్నారు. అదే నిలిచింది.

లోయ చివర కొండచరియ పడకముందు ఒక ఏడు కాగితం మీద సంతకాలు చూసి తూములు ఎత్తేశారు. కింద ఇసుక తీస్తున్న ఇరవైమంది కొట్టుకుపోయారు. సంతకం పెట్టినవాళ్లలో ఒక్కడూ లోయలోకి తొంగిచూడలేదని తేలింది. మేడమ్ అప్పుడు ఈ సాక్షి పలకను వెతికి తెప్పించింది. పాత రోజుల్లో ఏదో కోర్టు కోసం చేసిన వస్తువు. దాని మీద అరచెయ్యి ఆనించి మాట చెప్పాలి. మనసులో ఉన్నదే నోటితో చెబితే ఆకుపచ్చగా వెలుగుతుంది. లోపల ఒకటి పెట్టుకుని పైకి ఒకటి చెబితే ఎర్రగా వెలుగుతుంది. అప్పటి నుంచి శాసనం ఇది: లోయలో ప్రాణంతో ఎవరూ లేరని ఏడుగురు తెలిసినోళ్లు పలక మీద చెయ్యి పెట్టి చెబితే తప్ప తూము ఎత్తకూడదు.

రాజు చెంచురామయ్య గారు ఇవాళ ఆ సాక్షి పత్రమే అడిగారు. ఆయన చెడ్డ మనిషని నేను రాయను. మొదట్లో సొరంగపాలెం నుంచి కూరగాయలు తెచ్చిన మనిషి వల్ల పైన కూడా తొమ్మిదిమందికి జ్వరం సోకింది. అందులో ఇద్దరు ఆయన ఆడపిల్లలు, దక్కలేదు. అప్పటి నుంచి ఆయన లోయవైపు వీపు పెట్టే కూర్చుంటున్నారు. కింద అంతా అయిపోయి ఉంటారని ఆయన నిజంగానే అనుకుంటున్నారేమో, నాకు తెలీదు.

పత్రంలో హద్దులు రాయాలి. వెనకటికి హద్దులు రాసేవాళ్లు కాలినడకన తిరిగి చూసి రాసేవాళ్లని మేడమ్ నోట్సులో ఉంది. ఇప్పుడు తిరిగేవాళ్లు లేక నన్నే గుర్తున్నంత రాయమన్నారు. తూర్పున ఇనుప మెట్లు, ఉత్తరాన సొరంగం మూతి, అక్కడి నుంచి దానిమ్మ చెట్టు మీదుగా వాగు దాకా. ఆ దానిమ్మ చెట్టు మా అక్క నాటింది. పత్రంలో చెట్టు రాశాను, అక్క పేరు రాయడానికి చోటు లేదు.

చేతులు పెట్టారు. ఏడుగురిలో నలుగురికి ఎర్రగా వెలిగింది. పెద్దమనుషులు నలుగురూ సిగ్గుపడి చేతులు పంచె మడతల్లో దాచుకున్నారు. తప్పు వాళ్లది కాదు. ఎదురుగా పడమటి కిటికీ తెరిచి ఉంది, అందులోంచి పంతొమ్మిది పొగలు కనిపిస్తున్నాయి.

సుబ్బరత్తమ్మ పిన్ని ఒక్కతే నోరు విప్పింది. ఆమెకు డెబ్భై దాటాయి, ఏడుగురిలో ఆమే పెద్ద.

"ఉన్నోళ్లను పైకి తెచ్చి, ఆ పాత గోదాముల్లో వేరే పెట్టండి. నెల రోజులు పెడితే జొరం ఉందో లేదో తేలిపోద్ది. ఆనక తూములు ఎత్తుకోండి, ఎవురు కాదన్నారు?"

పైకి తెస్తే పైవాళ్లు ఊరుకోరని రాజుగారు అన్నారు. సభ వాయిదా పడింది.

మృగశిరకు 26 రోజులు

పడమటి కిటికీకి నీలం బరకం కట్టారు. మేకులు నేనే అందించాను. ఎండ కొడుతోందని చెప్పారు. పొద్దుటి సభకు పడమటి ఎండ ఎక్కడి నుంచి వస్తుందో అడగలేకపోయాను, అందుకు ఇప్పుడు నన్ను నేను తిట్టుకుంటున్నాను.

దావీదు మాస్టారు నన్ను పక్కకు పిలిచి, ఇకపై లస్కర్ల కబుర్లలో ఆవైపు సంగతులు చదవొద్దన్నారు. సొరంగపాలెం అనడం మానేసి అందరూ ఆవైపు అంటున్నారు. మాస్టారు నాకు అక్షరాలు నేర్పిన మనిషి. నేను లేఖరినయింది ఆయన మాట మీదే. అందుకే ఆయన చెప్పేది చివరిదాకా విన్నాను.

పొగ మనిషి కాదని ఆయన వాదం. ఆరిపోయిన ఇంట్లో పేడపిడక నెలరోజులు రగలొచ్చు. పొగ చూసి మనిషి ఉన్నాడనుకోవడం ఊహే గానీ తెలియడం కాదు. తెలిసినోళ్లు ఊహలతో సాక్షి చెప్పకూడదు, కాబట్టి ఊహ కలిగించేవాటికి దూరంగా ఉండటం వాళ్ల ధర్మం. ఇదంతా ఆయన ఎంతో నెమ్మదిగా, నాకు ఎక్కాలు చెప్పినట్టే చెప్పారు. రోజూ పంతొమ్మిది ఇళ్లలో పిడకలు ఒకే వేళకు ఎలా రగులుతాయని అడిగాను. ఆయన చల్లారిన కషాయం తాగి, గ్లాసు నా చేతికిచ్చి వెళ్లిపోయారు.

కొండ అంతా దిగులుగా ఉన్నప్పుడు ఈ మాట రాయకూడదు గానీ, మా సభను చూస్తే నవ్వొస్తోంది. తెలిసినోళ్లని పేరు పెట్టుకుని, తెలియకుండా ఉండటం కోసం ఇంత కష్టపడేవాళ్లు భూమ్మీద ఇంకెక్కడా ఉండరు. ఒకాయన డాబా మెట్లు ఎక్కడం మానేశాడు. ఇంకొకాయన తన ఇల్లు ఖాళీ చేసి కొండకు తూర్పువైపు బావమరిది ఇంట్లో చేరాడు, పడమర కనపడకూడదని. భోజనాల దగ్గర ఎవరైనా లోయ మాటెత్తితే కంచాలు పట్టుకుని లేచిపోతున్నారు.

మృగశిరకు 22 రోజులు

సుబ్బరత్తమ్మ పిన్ని ఇవాళ సభ మొదలవగానే లేచి వెళ్లి, బరకం మూల ఎత్తి బయటికి చూసింది. తీరిగ్గా చూసింది. తర్వాత తన చోటుకొచ్చి కూర్చుని, పదమూడు ఉన్నాయి అంది. మిగిలిన ఆరుగురూ చెవుల్లో సీసం పోసినట్టు ఉలిక్కిపడ్డారు. ఆ రోజుకు వాళ్లు చెయ్యి పెట్టడానికి పనికిరాకుండా పోయారు.

మధ్యాహ్నానికల్లా ఆమెను సభ నుంచి తప్పించారు. పెద్దవయసు, చూపు మందగించిందట. పదమూడు పొగలు లెక్కపెట్టిన మనిషికి చూపు మందగించిందని సభ పుస్తకంలో నా చేతే రాయించారు. ఆమె బదులు సాంబయ్యను తెచ్చారు. చేపలు ఎండబెట్టే గిడ్డంగి చూసుకునేవాడు. నోట్లో నాలుక లేని మనిషి, పుట్టాక ఒక్కసారి కూడా కట్ట దాటి చూడలేదు. అదే అతని అర్హత.

పిన్నిని ఇంటిదాకా దించొచ్చాను. ఆమె నా మీదే కోపంగా ఉంది.

"నువ్వు చదివేదానివి కదే. నీ నోరేమైంది?" అంది.

మృగశిరకు 18 రోజులు

పొగలు తగ్గుతున్నాయి. మొన్న పదకొండు, నిన్న ఎనిమిది, ఇవాళ ఐదు. పలక ఎండలో పెట్టిన గంటసేపూ డాబా అంచున నిలబడే ఉంటున్నాను. అక్క ఇంటి పొగ ఉంది. అది కనిపించిన రోజు అన్నం సయిస్తోంది.

జ్వరం మళ్లీ తిరగబెట్టి ఉంటుందని లస్కర్లు చెప్పుకుంటున్నారు. వాళ్ల మాట సభలో చదవలేదు. చదవొద్దన్నారు కాబట్టి కాదు, అది నిజమవుతుందేమోనన్న భయంతో. ఈ ఒక్క విషయంలో నేనూ వాళ్లలో ఒకదాన్నే అయిపోయాను.

గోడ ఊట ఇప్పుడు రెండు చోట్ల. ఇసుక బస్తాలు మోయడానికి ఇంటికొకరు పోతున్నారు. నేనూ పొద్దున ముప్పై బస్తాలు అందించాను. నా పక్కన నిలబడి మోసిన బాలింతరాలికి పాలు కారి రవిక తడిసిపోయింది, బిడ్డకు పాలివ్వడానికి పోవడానికీ జంకుతోంది. తూములు ఎప్పుడు ఎత్తుతారని నన్నడిగింది. ఆమె అడిగినదాంట్లో తప్పేమీ లేదు. ఆ మాట రాయకపోతే నేనూ సాంబయ్యనే.

మృగశిరకు 14 రోజులు

ఇవాళ పొగ లేదు. నిన్నటిదాకా ఒక్కటి ఉండేది, సొరంగం మూతి పక్కన. ఇవాళ అది కూడా లేదు.

మృగశిరకు 12 రోజులు

పొగ లేదు. మూడో రోజు. పలక తుడవడం మరిచిపోతే దావీదు మాస్టారు గుర్తుచేశారు. ఎల్లుండి కాదు, రేపే సభ పెడుతున్నారట. ఇప్పుడైతే అందరి చేతులూ నెగ్గుతాయని ఆయన నమ్మకం. ఆ మాట ఆయన నాతో అనలేదు గానీ మొహంలో తేటదనం కనిపించింది. నాకు అక్షరాలు నేర్పిన చెయ్యి అది, రేపు దాన్ని పలక మీద చూడాలి.

నేను ఒకటి అనుకున్నాను. మేడమ్ పెట్టిన నియమాల్లో ఎవరూ మార్చనిది ఒకటుంది. లేఖరి చదవడం మొదలుపెడితే ఆఖరు మాట దాకా వినాలి, మధ్యలో లేవకూడదు. లేచినవాడి చోటు పోతుంది. ఏం చదవాలో మాత్రం నియమంలో లేదు.

మృగశిరకు 11 రోజులు

ఇవాళ కూడా పొగ లేదు. నాలుగో రోజు.

సభ తూర్పు గదిలో పెట్టారు. దానికి కిటికీలే లేవు. పత్రం చదవమన్నారు. నేను ఈ డైరీ తీసి మొదటి పేజీ నుంచి చదివాను. పంతొమ్మిది పొగలు, తాడుబుట్ట, దానిమ్మ చెట్టు, నీలం బరకం, మాస్టారు చెప్పిన పిడకల సంగతి, సుబ్బరత్తమ్మ పిన్ని చూపు, సాంబయ్య అర్హత, అన్నీ చదివాను. నాలుగు రోజులుగా పొగ లేదన్నది కూడా దాచకుండా చదివాను. ఒక్కరూ లేవలేదు. సాంబయ్య కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. మాస్టారు తలెత్తలేదు.

తర్వాత చేతులు పెట్టారు. మాస్టారికి ఎర్రగా వెలిగింది. సాంబయ్యకు ఎర్ర. ఇంకొకరికి ఎర్ర. మిగిలిన నలుగురికి ఆకుపచ్చే. ఏడు కావాలి కనుక పత్రం నిలవలేదు. నెగ్గాననుకున్నాను.

రాజుగారు కోప్పడలేదు. పలకను నావైపు తిప్పి, నన్ను ముందుకు రమ్మన్నారు.

"నాంచారమ్మా, నేను మాటిస్తుండా. సొరంగపాలెంలో మనుషులు బతికే ఉండారని నువ్వు చెయ్యి పెట్టి చెప్పు. ఆకుపచ్చ వెలిగితే రేపు పొద్దున్నే మెట్లు తెరిపిస్తా. నా మనుషులనే పంపి, ఒక్కొక్కరినీ భుజాన మోయించి తెప్పిస్తా."

ఆ మాట ఆయన నిజంగానే అన్నారు. బహుశా ఆయనకూ ఆకుపచ్చే కావాలేమో.

చెయ్యి పెట్టాను. సొరంగపాలెంలో మనుషులు ప్రాణంతో ఉన్నారు అన్నాను. పలక ఎర్రగా వెలిగింది.

చెమట పట్టిందేమోనని చీరకు తుడుచుకుని మళ్లీ పెట్టాను. మా అక్క అంకమ్మ బతికే ఉంది అన్నాను. మళ్లీ ఎర్రే వెలిగింది. మూడోసారి పెట్టబోతుంటే మాస్టారు లేచి వచ్చి నా మణికట్టు పట్టుకున్నారు.

నేనెప్పుడు నమ్మకం వదిలేశానో నాకే తెలీదు. పైకి పోట్లాడుతూనే లోపల అక్కకు ఎప్పుడో నీళ్లొదిలేశాను. అందరి ముందూ ఆ పలక నా లోపలిది బయటపెట్టింది. నా జన్మలో ఇంత సిగ్గుపడింది లేదు.

మృగశిరకు రెండు రోజుల ముందు మళ్లీ సభ అన్నారు. చదివిన మనిషికే నమ్మకం లేదని అందరూ చూశారు కదా, ఈసారి ఏడూ ఆకుపచ్చే వెలుగుతాయి. పోతూ పోతూ ఒకాయన నా భుజం తట్టి ఓదార్చాడు కూడా.

మృగశిరకు 9 రోజులు

రెండు రోజులు పడుకునే ఉన్నాను. సుబ్బరత్తమ్మ పిన్ని జావ పట్టుకొచ్చి, బలవంతాన తాగించింది. ఆమె ఓదార్చే రకం కాదు.

పడుకుని ఆలోచిస్తే ఒకటి తట్టింది. అక్క ఉందో లేదో నాకు తెలీదు. పలకకూ తెలీదు. కానీ సొరంగపాలెంలో ఒక మనిషి ప్రాణంతో ఉండేలా చెయ్యడం నా చేతిలో ఉంది. మెట్ల కాపలావాళ్లకు ఉన్న ఆజ్ఞ ఎక్కేవాళ్లను ఆపమనే. దిగేవాళ్ల సంగతి అందులో లేదు, ఎవరు దిగుతారని.

ఇవాళ పొద్దున మంచి చీర కట్టుకుని ఏడిళ్లకూ వెళ్లాను. గుమ్మంలో నిలబడి ఒకే మాట చెప్పాను. రేపు పగటిపూట నేను సొరంగపాలెం దిగుతున్నాను, అక్కడే ఉంటాను, ప్రాణంతో ఉంటాను, మీకు చెప్పి పోతున్నాను. సాంబయ్య తలుపేసుకున్నాడు. తలుపుకు నోరు ఆనించి గట్టిగా చెప్పాను. ఇద్దరు చెవులు మూసుకున్నారు, వాళ్ల ఇళ్లల్లోవాళ్లకు చెప్పి, మీవారికి చెప్పమన్నాను.

దావీదు మాస్టారు అన్నం తింటున్నారు. ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"నాకు తెలీకుండా పోయి ఉండాల్సింది అమ్మాయ్," అన్నారు.

"మీకు తెలియాలనే వచ్చాను మాస్టారూ," అన్నాను.

ఆయన కాళ్లకు దణ్ణం పెట్టి వచ్చేశాను. పలకను పొడిగుడ్డలో చుట్టి సభ గదిలోనే పెట్టాను. అది దాచేస్తే సరిపోయేదని పిన్ని అంది. పలక లేకపోతే మళ్లీ కాగితం మీద సంతకాలే మొదలవుతాయి, అప్పుడు ఎవరికి ఏం తెలిసినా ఒకటే.

మృగశిరకు 7 రోజులు

సొరంగపాలెం.

నిన్న దిగుతుంటే రాజుగారు మెట్ల దగ్గరికి వచ్చారు. ఆపుతారనుకున్నాను. ఇక పైకి రావడం ఉండదు, తెలుసు కదా అన్నారు. తెలుసన్నాను. పక్కకు జరిగి దారిచ్చారు.

నలభై ముగ్గురు ఉన్నారు. బక్కచిక్కి, కళ్లు లోతుకుపోయి ఉన్నారు గానీ ఒక్కరికీ ఒళ్లు వెచ్చగా లేదు. జ్వరం పోయి రెండు నెలలు దాటిందట. అందరూ కొండ నీడన ఉన్న పాత పంపుల షెడ్డులో చేరి, ఒకే పొయ్యి మీద వండుకుంటున్నారు. అక్క నన్ను చూసి కదల్లేదు. నేనే పోయి పట్టుకున్నాను. చేతికి ఎముకలే తగిలాయి. ఏడ్చి ఏడ్చి, ఇద్దరం ఎందుకు ఏడుస్తున్నామో మరిచిపోయేంతగా ఏడ్చాం.

పొగ ఎందుకు ఆపారని అడిగాను.

"వంటకు ఎండుపుల్లలు చాల్లే, పొగ రాదు. మీకు కనపడాలనే పొయ్యికాడ పచ్చాకు ఏసేవోళ్లం. మీరేమో నీలం బరకం కట్టేసుకున్యారు. ఇక చూసేవోళ్లు లేరని ఒక్కొక్క ఇల్లే మానేసింది. నేను మాత్రం రోజూ ఏశా. నువ్వన్నా చూస్తావనుకున్యా. పుల్లలు వంటకే చాలక నేనూ మానేశా."

నేను రోజూ చూశానక్కా అన్నాను. ఆమె నమ్మిందో లేదో తెలీదు. మొహం పక్కకు తిప్పుకుంది.

మెట్లెక్కి చూద్దామని పొద్దున ముగ్గురు మగవాళ్లు పోయారు. పైనుంచి రాళ్లు దొర్లించారట, ఒకతని కాలు విరిగింది. నా పేరు చెప్పి అరిచినా బదులు రాలేదన్నారు. పచ్చాకు కోసుకొచ్చి మంట పెట్టమన్నాను. పెట్టారు. ఈవైపు నుంచి చూస్తే గాలిమేడకు బరకం అలాగే ఉంది. ఇప్పుడు డాబా ఎక్కే పని ఎవరికి ఇచ్చారో, అసలు ఎవరికైనా ఇచ్చారో తెలీదు.

నేను ఇక్కడ ఉన్నానని పైన ఏడుగురికీ తెలుసు. చెయ్యి పెడితే ఎర్రగానే వెలగాలి. పొద్దున్నుంచీ అక్కకు అదే చెబుతున్నాను, వాళ్లకు తెలుసు, తూములు ఎత్తలేరు అని. అక్క జుట్టు చిక్కు తీస్తూ చెబుతున్నాను. ఆమె వింటోంది.

ఆమెకు చెప్పనిది ఇక్కడ రాస్తాను. సొంత అక్క చచ్చిపోయిందని నమ్మడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. నేను వాళ్లకు ఏమీ కాను. సభ దాకా వాళ్ల చేతిలో ఇంకా ఐదు రోజులున్నాయి.